కటిల్‌ఫిష్: సంచి, సిరా, నురుగు

కటిల్‌ఫిష్ చేప కాదు. వెన్నెముక లేని మృదుకాయ జీవుల్లో ఒకటి. నత్త, ఆల్చిప్ప దీనికి దూరపు బంధువులు; స్క్విడ్, ఆక్టోపస్ దగ్గరి బంధువులు. తలకే చేతులు మొలిచినట్టు కనిపించే ఈ గుంపును జీవశాస్త్రంలో శీర్షపాదులు అంటారు. అందులో కటిల్‌ఫిష్‌లది సెపియిడా అనే క్రమం. సుమారు 120 జాతులున్నాయి. చిన్నవి అరచేతిలో ఇమిడిపోతాయి. అన్నిటికంటే పెద్దదైన ఆస్ట్రేలియా జాతి పది కిలోల బరువు దాటుతుంది. ఆసియా, ఆఫ్రికా, ఐరోపా, ఆస్ట్రేలియా తీరాల వెంట లోతు తక్కువ నీళ్లలో ఇవి ఉంటాయి. ఉత్తర, దక్షిణ అమెరికా తీరాల్లో మాత్రం ఒక్క జాతి కూడా లేదు.

తెలుగువారికి ఈ ప్రాణి కంటే దీని 'ఎముక' ఎక్కువ పరిచయం. మూలికల కొట్లో సముద్రపు నురుగు అని అడిగితే ఇచ్చే తెల్లటి పలక ఇదే. చాలా తేలిగ్గా ఉంటుంది, గోటితో గీస్తే పొడి రాలుతుంది. దాన్ని నూరి వాడినవాళ్లలో చాలామందికి అది ఒక ప్రాణి లోపలి భాగమని తెలియదు. గడ్డకట్టిన నురుగేనని నమ్మినవారూ ఉన్నారు.

ఇతర భాషల్లో దీని పేర్లు పోగేసి చూసినా పరిస్థితి ఇంతే. ఒక భాష సంచి అంది, ఒకటి సిరా అంది, మరొకటి నురుగు అంది. చచ్చాక ఒడ్డుకు కొట్టుకొచ్చినదాన్నో, వలలో పడి చిమ్మినదాన్నో చూసి పెట్టిన పేర్లే దాదాపు అన్నీ. బతికున్నప్పుడు అది చేసే అసలైన వింత, అంటే రెప్పపాటులో ఒంటి మీది బొమ్మంతా మార్చేయడం, చాలాకాలం ఏ పేరులోకీ ఎక్కలేదు. అందుకే ఇక్కడ ముందు పేర్ల సంగతి, ఆ తర్వాత ప్రాణి సంగతి.

పేర్లు

కటిల్ అన్న శబ్దం వినగానే కత్తిరించడం గుర్తుకొస్తుంది గానీ దానితో దీనికి చుట్టరికం లేదు. పాత ఇంగ్లీషులో ఈ ప్రాణిని 'కుడెలె' అనేవారు. సంచి, తిత్తి అన్న అర్థాలున్న 'కాడ్' అనే పాత మాటకు ఇది సంబంధించిందని నిఘంటుకారులు చెబుతారు. బఠాణీ కాయను ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు 'పీస్‌కాడ్' అనేవారు, ఆ కాడ్ ఇదే. పాత నార్స్ భాషలో దిండుకున్న 'కొద్ది' అన్న మాటనూ ఈ కుటుంబంలోనే చేరుస్తారు. సంచి అన్నది ఒంటి ఆకారాన్ని బట్టి వచ్చిందా, లోపలి సిరా తిత్తిని బట్టి వచ్చిందా అన్నది తేలలేదు; రెండూ పొసగుతాయి. పాత ఇంగ్లీషు పదపట్టికలో లాటిన్ 'సెపియా'కు కుడెలెతో పాటు 'వాసెషితె' అని ఇంకో అర్థం కూడా రాసి ఉంది. బురద చిమ్మేది అని దాని భావం. జాలరి నోట పుట్టిన మాటలా ఉంది. కుడెలె కంటే ఇదే బాగుందనిపిస్తుంది. కానీ నిలవలేదు.

'ఫిష్' తర్వాత వచ్చి అతుక్కుంది. నీళ్లలో కదిలే ప్రతిదాన్నీ ఫిష్ అనేయడం ఇంగ్లీషుకు అలవాటు. జెల్లీఫిష్, స్టార్‌ఫిష్ కూడా అలా వచ్చినవే. మన పాఠ్యపుస్తకాలు ఆ పొరపాటును కూడా అనువదించుకుని 'నక్షత్ర చేప' అని రాశాయి. కటిల్‌ఫిష్ ఇంకా అనువాదం దాకా రాలేదు కాబట్టి ఆ ఆపద తప్పింది.

సంచి అన్న ఊహ ఐరోపాకే పరిమితం కాదు. చైనాలో తాంగ్ వంశకాలపు రచయిత దువాన్ చెంగ్‌షి 9వ శతాబ్దంలో కూర్చిన 'యోయాంగ్ జాజు' అనే వింతల సంపుటిలో ఒక కథ ఉంది. ఛిన్ రాజు తూర్పు తీరానికి వెళ్లినప్పుడు తన రాతసామాను సంచి సముద్రంలో పడేశాడట. అదే ఈ ప్రాణిగా మారిందట. అందుకే ఒళ్లు సంచిలా ఉంటుంది, లోపల సిరా ఉంటుంది, రెండు పొడుగాటి పట్టీలు ఇంకా వేలాడుతుంటాయి అని ముక్తాయింపు. నిజంగానే కటిల్‌ఫిష్‌కు ఎనిమిది చేతులతో పాటు రెండు పొడుగాటి స్పర్శకాలుంటాయి. కథ కల్పితమే అయినా చెప్పినవాడు ప్రాణిని దగ్గరగా చూశాడని ఆ పట్టీలే చెబుతున్నాయి. అదే పుస్తకంలో ఇంకో ముచ్చట: కొందరు మోసగాళ్లు ఈ సిరాతో అప్పుపత్రాలు రాసేవారని, ఏడాది తిరిగేసరికి అక్షరాలు మాసి ఉత్త కాగితం మిగిలేదని.

చైనా భాషలో దీని పేరు 'వూజెయ్'. రాసే అక్షరాలను బట్టి కాకిదొంగ అని అర్థం. నీటి మీద చచ్చినట్టు తేలుతూ, పొడవడానికి వాలిన కాకిని చేతులతో చుట్టి లోపలికి లాగేస్తుందని ఆ పేరుకు పాతకాలపు వివరణ. ఇది నమ్మదగిన సంగతి కాదు గానీ, కటిల్‌ఫిష్ మాయలమారి అన్న అభిప్రాయం మాత్రం అందులో ఉంది. జపానువాళ్లు అవే అక్షరాలు తీసుకుని 'ఇకా' అని చదువుతారు. వారికి ఇకా అంటే స్క్విడ్ కూడా. కటిల్‌ఫిష్‌ను ప్రత్యేకించి చెప్పాలంటే పెంకు ఇకా అనే అర్థంలో 'కోఇకా' అంటారు. టోక్యో సుషీ దుకాణాల్లో దీన్నే సిరా ఇకా, అంటే 'సుమిఇకా' అంటారు. జర్మన్లు, స్వీడన్‌వాళ్లు కూడా సిరాచేప అనే అర్థమిచ్చే మాటలే వాడతారు.

గ్రీకు మాట 'సెపియా'. కుళ్లడం అన్న క్రియతో కొందరు దీన్ని ముడిపెట్టారు, అందరూ ఒప్పుకోలేదు. ఈ పేరు వెంట ఒక పురాణం కూడా ఉంది. సముద్రదేవత థెటిస్‌ను పెలియస్ పట్టుకోబోతే ఆమె రూపం తర్వాత రూపం మార్చింది, చివరికి కటిల్‌ఫిష్ అయింది, ఆ చోటుకు సెపియాస్ అగ్రం అన్న పేరు వచ్చింది అని గ్రీకు వ్యాఖ్యాతలు రాశారు. క్రీస్తుపూర్వం 480లో గ్రీసు మీదికి వచ్చిన పారశీక నౌకాదళం తుఫానులో చిక్కి పగిలింది ఈ అగ్రం దగ్గరే. ఆ సంగతి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. రూపాలు మార్చే దేవతకు చివరి రూపంగా కటిల్‌ఫిష్‌ను ఎంచిన ఆ కథకుడు, పేరులో రాని విషయాన్ని కథలో పెట్టాడు. నేటి గ్రీకులో ఈ మాటకు జిత్తులమారి అన్న అర్థం కూడా వచ్చి చేరింది.

అరిస్టాటిల్ దీన్ని కోసి చూశాడు, జాలరులను అడిగి రాసుకున్నాడు. తన జాతివాటిలో ఇదే తెలివైందని, మిగతావి భయపడి సిరా వదిలితే ఇది దాక్కోవడానికి కూడా వాడుతుందని గమనించాడు. ఆడదానికి త్రిశూలపు పోటు తగిలితే మగది పక్కనే నిలబడి సాయం చేస్తుందని, మగదానికి తగిలితే ఆడది పారిపోతుందని కూడా ఆయన పుస్తకంలో ఉంది. మొదటిది సైన్సు, రెండోది ఏథెన్స్ మగవాళ్ల అరుగు మీది కబురు కావచ్చు.

సిరా

లాటిన్‌లో సెపియా అంటే ప్రాణి, దాని సిరా కూడా. ఆ సిరా నల్లగా కనిపించినా పలచబరిస్తే గోధుమ రంగు తేలుతుంది. అందులో ఉన్నది మెలనిన్, మన జుట్టుకూ చర్మానికీ రంగునిచ్చే పదార్థమే. 18వ శతాబ్దం చివర్లో డ్రెస్డెన్ చిత్రకారుడు యాకోబ్ సైడెల్‌మన్ ఈ సిరాతో నీటిరంగుల పని చేసి పేరు తెచ్చుకున్నాక, ఐరోపాలో సెపియా అన్నది ప్రాణి పేరు కంటే రంగు పేరుగానే ఎక్కువ వాడుకలోకి వచ్చింది.

తాతల కాలపు పెళ్లిఫొటోల గోధుమ రంగును మనం కూడా సెపియా అంటాం. వాటిలో కటిల్‌ఫిష్ సిరా చుక్క కూడా లేదు. ఫొటోలోని వెండిని రసాయనాలతో వెండి సల్ఫైడ్‌గా మారిస్తే ఆ రంగు వస్తుంది. బొమ్మ ఎక్కువకాలం చెడకుండా ఉంటుందని అలా చేసేవారు. రంగు పోలికతో పేరు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకింది, అంతే. ఇప్పుడు ఫోన్లో వేలితో నొక్కితే వచ్చే 'సెపియా'లో వెండి కూడా లేదు.

ఈ సిరా ఎంత గట్టిదో ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్ తీరంలో తేలింది. 1820ల్లో అక్కడ శిలాజాలు ఏరే ఎలిజబెత్ ఫిల్‌పాట్, బెలెమ్నైట్లు అనే అంతరించిన శీర్షపాదుల శిలాజాల్లో దొరికిన, ఎండిపోయిన సిరా తిత్తుల పొడిని నీటితో కలిపి రాయడానికి పనికొచ్చేలా చేసింది. ఆ సిరాతోనే అదే తీరంలో దొరికిన ఇక్తియోసార్ అనే అంతరించిన సముద్ర సరీసృపం పుర్రె బొమ్మ గీసింది. బొమ్మలోని జంతువు, బొమ్మ గీసిన సిరా రెండూ జురాసిక్ కాలానివే. 2012లో వెలువడిన ఒక పరిశోధన, 16 కోట్ల ఏళ్ల నాటి శిలాజ సిరాలోని మెలనిన్‌కు నేటి కటిల్‌ఫిష్ మెలనిన్‌కు తేడా దాదాపు లేదని తేల్చింది.

ప్రాణికి సిరాతో ఉన్న అవసరం వేరు. శత్రువు ముందు పొగలా చిమ్మి తప్పించుకోవడం ఒక పద్ధతి. జిగురు ఎక్కువ కలిపి వదిలితే సిరా చెదిరిపోకుండా ముద్దగా, కొంచెం తన ఆకారంలోనే నిలుస్తుంది. శత్రువు దాన్ని పట్టుకునేలోగా అసలుది తెల్లబడి జారుకుంటుంది. వెనిస్‌లో ఇదే సిరాతో అన్నం వండుతారు. నల్లటి ఆ రిసొట్టో తిన్నవారి పళ్లు, పెదవులు కాసేపు నల్లగానే ఉంటాయి.

నురుగు

మూలికల కొట్టులోని ఆ పలక సంస్కృతంలో సముద్రఫేనం, తమిళంలో కడల్ నురై, యునానీ వైద్యులకు కఫ్-ఎ-దరియా. మూడింటి అర్థం ఒకటే, సముద్రపు నురుగు. ఆయుర్వేదంలో దీన్ని కంటి కాటుకల్లోనూ చెవి నుంచి చీము కారినప్పుడు వేసే పొడుల్లోనూ చెప్పారు. పళ్లపొడుల్లోనూ కలిపేవారు. చీము కారే చెవిలో ఏ పొడీ పోయవద్దన్నది నేటి చెవి వైద్యుల మాట. పాత చిట్కా పాటించేవారు అది కూడా వినాలి. చైనా వైద్యంలో ఇదే పలకను కడుపులో మంటకు ఇస్తారు. సున్నపు పదార్థం కాబట్టి ఆమ్లాన్ని తగ్గించడంలో ఆశ్చర్యం లేదు.

1758లో లినేయస్ ఐరోపా జాతికి 'సెపియా అఫిసినాలిస్' అని పేరు పెట్టాడు. అఫిసినా అంటే మందులు నిల్వచేసి తయారుచేసే కొట్టు. అంటే ఆ పేరు కూడా మూలికల దుకాణం నుంచే పుట్టింది. స్వీడన్‌లో కూర్చున్న శాస్త్రవేత్తకూ మన ఊరి నాటువైద్యుడికీ ఈ ప్రాణి ఒకే రూపంలో, పొట్లం రూపంలో అందిందన్నమాట. ఐరోపాలో ఆ పలకకు ఇంకా పనులున్నాయి. తోలుకాగితం మీద రాసేముందు దీని పొడితో నునుపు చేసేవారు. కంసాలులు రెండు పలకలను కలిపి, మధ్యలో అచ్చు తొలిచి కరిగిన వెండి పోస్తారు. వేడికి తట్టుకుంటుంది, పైగా ఆ పలక పొరల గీతలు నగ మీద అందంగా పడతాయి. పంజరంలో చిలుకలు, పిచ్చుకలు ముక్కు అరగదీసుకోవడానికీ సున్నం కోసమూ దీన్ని వేలాడదీయడం అన్ని దేశాల్లోనూ ఉంది. ఇటలీ కవి యుజేనియో మోంతాలే 1925లో తన మొదటి కవితాసంపుటికి 'ఓస్సి ది సెప్పియా', అంటే కటిల్‌ఫిష్ ఎముకలు అని పేరు పెట్టాడు.

అది ఎముక కాదు. నత్త పెంకు ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కాకపోతే లోపలికి వెళ్లిపోయింది. ఆరగోనైట్ అనే సున్నపు ఖనిజంతో కట్టిన పొరలు, పొరల మధ్య సన్నటి స్తంభాలు, స్తంభాల నడుమ గదులు. మొత్తం ఘనపరిమాణంలో తొంభై శాతానికి పైగా ఖాళీయే. ప్రాణి ఆ గదుల్లోకి ద్రవాన్ని రానిస్తే బరువెక్కి అడుగున కూర్చుంటుంది, ద్రవాన్ని బయటికి లాగేస్తే గదుల్లో వాయువు మిగిలి తేలిక పడుతుంది. ప్లిమత్ ప్రయోగశాలలో ఎరిక్ డెంటన్, జాన్ గిల్పిన్-బ్రౌన్ 1960ల మొదట్లో ఈ యంత్రాంగాన్ని వివరించారు. పగలు ఇసుకలో పూడుకుని ఉన్నప్పుడు బరువుగా, చీకటి పడి వేటకు లేచేటప్పుడు తేలిగ్గా ఉంటుందని చూపించారు. ఈ సదుపాయానికి ఒక హద్దుంది. కొన్ని వందల మీటర్ల లోతు దాటితే నీటి ఒత్తిడికి పలక నలిగిపోతుంది. కటిల్‌ఫిష్‌లు తీరప్రాంతాలను వదలకపోవడానికి ఇదో కారణం.

ఒడ్డున అన్ని పలకలు ఎందుకు దొరుకుతాయి అన్నదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. కటిల్‌ఫిష్ ఆయువు ఒకటి రెండేళ్లే. గుడ్లు పెట్టే కాలం ముగిశాక తల్లీతండ్రీ ఇద్దరూ చచ్చిపోతారు. మాంసం కుళ్లిపోతుంది, చేపలు తింటాయి. వాయువు నిండిన గదులున్న పలక మాత్రం తేలి, గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోయి, అలల నురుగుతో పాటే ఇసుక మీదికి చేరుతుంది. నురుగు అని పేరు పెట్టినవారిని తప్పుపట్టలేం. వారికి కనిపించింది అదే.

అలా కాకుండా మన తీరభాషల్లో పద్ధతిగా పెట్టిన పేర్లు తమిళ జాలరులవి. శీర్షపాదులన్నిటికీ 'కణవాయ్' అని ఒకే మాట. దానికి ముందు విశేషణం మారుతుంది: పెంకు ఉన్నది ఓట్టు కణవాయ్, అంటే కటిల్‌ఫిష్, సూదిలా సన్నంగా ఉండే స్క్విడ్ ఊసి కణవాయ్, ఆక్టోపస్ పేయ్ కణవాయ్, దయ్యపు కణవాయ్. మూడింటికీ ఉన్న బంధుత్వాన్నీ తేడానూ రెండేసి మాటల్లో చెప్పిన ఈ వర్గీకరణ ముందు ఇంగ్లీషు 'ఫిష్' వెలవెలబోతుంది. మలయాళంలో 'కణవ' అదే మాట.

బతికున్న కటిల్‌ఫిష్

దానికి మూడు గుండెలు. రెండు మొప్పలకు రక్తం పంపితే మూడోది మిగతా ఒంటికి. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఇనుము కాదు, రాగి ఉన్న హీమోసయనిన్. అందుకే రక్తం నీలి ఆకుపచ్చగా ఉంటుంది. ఒంటి చుట్టూ అంచులా ఉన్న రెక్కను అలలుగా కదిలిస్తూ ముందుకూ వెనక్కూ, ఉన్నచోటే నిలిచి కూడా ఈదగలదు. తొందరపడితే ప్రావారం, అంటే ఒంటిని చుట్టిన సంచి లాంటి కండ, లోపలి నీటిని గొట్టం గుండా వేగంగా చిమ్మి వెనక్కి దూసుకుపోతుంది. రొయ్య, పీత కనిపిస్తే దాచుకున్న రెండు స్పర్శకాలు బాణాల్లా వెళ్లి పట్టుకొస్తాయి. చిలుక ముక్కు లాంటి దవడలు వాటిని చీల్చేస్తాయి.

చర్మం సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. అందులో లక్షల కొద్దీ వర్ణకోశాలుంటాయి. ఒక్కొక్కటి పసుపు, ఎరుపు, గోధుమ రంగుల్లో ఏదో ఒకటి నింపుకున్న సాగే తిత్తి. దాని చుట్టూ కిరణాల్లా చిన్న కండరాలు. కండరం బిగిస్తే తిత్తి విచ్చుకుని రంగుచుక్క అవుతుంది, వదిలేస్తే ముడుచుకుని కనపడకుండా పోతుంది. ఈ కండరాలకు ఆజ్ఞ నేరుగా మెదడు నుంచి నరాల ద్వారా వస్తుంది. ఊసరవెల్లి రంగు మార్చడానికి పట్టే సమయంలో కటిల్‌ఫిష్ నాలుగైదు వేషాలు వేసి తీసేయగలదు. ఈ పొర కింద వెలుగును ప్రతిఫలించి నీలం, ఆకుపచ్చ మెరుపునిచ్చే కణాలు, ఇంకా కింద తెల్లటి కణాలు. చర్మం మీద చిన్న చిన్న బొడిపెలు లేపి రాయిలా, నాచులా గరుకుగా కూడా మారగలదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ మెదడు పరిశోధనా సంస్థలో జిల్ లోరాన్ బృందం కెమెరాలతో ఒక్కో వర్ణకోశాన్నీ విడివిడిగా వెంబడించి 2018లోనూ 2023లోనూ ఫలితాలు ప్రకటించింది. కోరుకున్న బొమ్మకు నేరుగా చేరుకోదని, కొంచెం మార్చి, ఆగి, సరిచూసుకుని, మళ్లీ మార్చుకుంటూ పోతుందని రెండో పరిశోధనలో తేలింది.

ఇంత చేసే ప్రాణికి రంగులు కనపడవు. కంటిలో వెలుగును పట్టే వర్ణద్రవ్యం ఒక్కటే ఉంది; దాని ప్రపంచం నలుపుతెలుపు సినిమా. పరిసరాల్లోని వెలుతురు నీడల తేడాలను, గీతలను, గళ్లను చూసి అది తన బొమ్మను ఎంచుకుంటుంది. రంగు ఎలా కుదురుతుందన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా నలుగుతున్న ప్రశ్న. మనకు తెలియని ధ్రువణ కాంతిని మాత్రం గుర్తించగలదు. కంటిపాప ఇంగ్లీషు డబ్ల్యు అక్షరంలా వంకర తిరిగి ఉంటుంది. లోతును అంచనా వేయడానికి రెండు కళ్లనూ కలిపి వాడుతుందని 2020లో అమెరికా పరిశోధకులు నిరూపించిన తీరు సరదాగా ఉంటుంది: కటిల్‌ఫిష్ తలకు వెల్క్రో అతికించి, ఎరుపు నీలం అద్దాల త్రీడీ కళ్లజోడు తగిలించి, తెర మీద రొయ్యల బొమ్మలు చూపించారు. బొమ్మలు దగ్గరున్నట్టు చూపితే వెనక్కి జరిగింది, దూరమున్నట్టు చూపితే ముందుకొచ్చింది.

దక్షిణ ఆస్ట్రేలియాలో వయాలా పట్టణం దగ్గర పాయింట్ లోలీ అనే చోట ఏటా అక్కడి చలికాలంలో, మే నుంచి ఆగస్టు దాకా, పెద్ద జాతి కటిల్‌ఫిష్‌లు గుడ్లు పెట్టడానికి గుంపులుగా చేరతాయి. ఆడవాటి కంటే మగవి కొన్ని రెట్లు ఎక్కువ. పెద్ద మగవి ఆడదాన్ని కాపలా కాస్తాయి, ఒంటి మీద చారలు పరిగెత్తిస్తూ ఒకదాన్నొకటి బెదిరించుకుంటాయి. చిన్న మగవి ఆ పోటీకి పోవు. చేతులు ముడుచుకుని, ఆడవాటి మచ్చలు వేసుకుని, కాపలాదారు పక్కగానే లోపలికి వెళ్లిపోతాయి. రోజర్ హాన్లన్ బృందం 2005లో 'నేచర్' పత్రికలో ఈ వేషధారణను వివరించింది. జన్యుపరీక్షలో అలా వెళ్లిన మగవి సంతానం కన్నట్టు కూడా రుజువైంది. అదే దేశపు ఇంకో చిన్న జాతి ఒక అడుగు ముందుకేసింది. ఆడదాని వైపు ఉన్న పక్క మగ చారలు, పోటీదారు వైపు ఉన్న పక్క ఆడ మచ్చలు ఒకేసారి వేస్తుందని 2012లో గమనించారు. పాయింట్ లోలీ గుంపు మీద 1990ల్లో పడవలు పడి వందల టన్నులు పట్టుకుపోవడంతో అక్కడ వేటకు అడ్డుకట్ట వేశారు. 2013లో లెక్క సుమారు 13,500కు పడిపోయింది, తర్వాతి ఏళ్లలో రెండు లక్షలు దాటింది. ఇంత ఎగుడుదిగుడుకు పూర్తి కారణం తెలియదు. రెండేళ్ల లోపే చచ్చే ప్రాణి కాబట్టి ఒక్క ఏడు గుడ్లు పాడైతే చాలు, లెక్క తారుమారవుతుంది.

ఓర్పు పరీక్షలు కూడా చేశారు. మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్ ప్రయోగశాలలో అలెగ్జాండ్రా ష్నెల్ బృందం, ఇప్పుడే దొరికే మామూలు రొయ్యముక్క, కాసేపాగితే దొరికే బతికున్న రొయ్య, ఈ రెంటినీ కటిల్‌ఫిష్‌ల ముందు పెట్టింది. అవి 50 నుంచి 130 సెకన్ల దాకా ఆగాయి. 2021లో వెలువడిన ఈ ఫలితం చింపాంజీలతో పోల్చదగినది. ఎక్కువసేపు ఆగినవే కొత్త పాఠం త్వరగా నేర్చుకున్నాయి కూడా. ఎప్పుడు, ఎక్కడ, ఏం తిన్నామన్న జ్ఞాపకం ముసలితనంలో కూడా తగ్గలేదని అదే ఏడాది ఇంకో పరిశోధన చెప్పింది. చదువు గుడ్డులోనే మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో గుడ్డు గోడ గుండా పీతలను చూపించిన పిల్లలు, పుట్టాక మామూలుగా ఇష్టపడే రొయ్యలను వదిలి పీతల వైపు వెళ్లాయి.

శ్వాసపరికరాలతో మనిషి నీటి అడుగుకు దిగడం మొదలయ్యాకే ఈ ప్రాణికి బతికున్న రూపాన్ని బట్టి పేర్లు వచ్చాయి. ఊదా, పసుపు, ఎరుపు రంగులు ఒంటి మీద ప్రవహింపజేస్తూ సముద్రపు అడుగున చేతుల మీద నడిచే చిన్న జాతిని ఇంగ్లీషులో ఆర్భాటపు కటిల్‌ఫిష్ అనే అర్థంలో 'ఫ్లాంబాయంట్' అంటున్నారు. శాస్త్రీయనామాలు కూడా కదులుతున్నాయి. ఒకే పెద్ద సెపియా ప్రజాతిని ఇటీవల ముక్కలు చేయడంతో చాలా జాతులు కొత్త ప్రజాతుల్లోకి వెళ్లాయి. మన తీరపు సెపియా ఫరోనిస్ ఇప్పుడు కొత్త పుస్తకాల్లో అకాంథోసెపియన్ ఫరోనిస్‌గా కనిపిస్తుంది.

మన తీరంలో

భారత తీరంలో వ్యాపారానికి ముఖ్యమైనవి సెపియా ఫరోనిస్, సెపియా అక్యులియేటా, ఇంకా చిన్నదైన సెపియెల్లా ఇనర్మిస్. ఈజిప్టు రాజుల బిరుదైన ఫరో పేరు మోస్తున్న మొదటిది 1831లో జర్మన్ ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఎరెన్‌బర్గ్ వర్ణించిన జాతి. ఎర్రసముద్రం నుంచి పసిఫిక్ దాకా ఉంటుంది. విశాఖపట్నం, కాకినాడ రేవులకు ట్రాలర్లు తెచ్చే సరుకులో ఇవి ఉంటాయి. ఒకప్పుడు రొయ్యల వలలో అదనంగా పడి పక్కకు పోయే సరుకు. 1970ల తర్వాత ఘనీభవించిన శీర్షపాదులకు విదేశీ గిరాకీ పెరిగాక విలువ మారింది. నేడు దేశ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి పట్టికలో ఘనీభవించిన కటిల్‌ఫిష్‌కు సొంత వరుస ఉంది. ఇటలీ, స్పెయిన్ లాంటి దేశాలు పాత కొనుగోలుదారులు. కేరళలో కణవ వేపుడు ఇంటివంట. తెలుగు తీరంలో పట్టిందంతా చాలావరకు ఐసుపెట్టెల్లోకే వెళ్తుంది. మన కూరల్లో దీనికి చోటు తక్కువ.

కర్ణాటక తీరంలో జాలరులు ఒక ఉపాయం పట్టారు. కాయలు కోసేసిన కొబ్బరి గెలల ఎండుకాడలను మోపులుగా కట్టి, ఇసుక సంచులతో సముద్రంలోకి దింపుతారు. గుడ్లు అంటించడానికి కొమ్మల్లాంటి ఆధారం వెతుక్కునే కటిల్‌ఫిష్‌లు వాటి చుట్టూ చేరతాయి. అప్పుడు గాలాలతో పట్టేస్తారు. పట్టుబడేవి ఎక్కువగా పెద్దవి, గుడ్లు పెట్టడానికి వచ్చినవి కాబట్టి కిలో ధర బాగుంటుంది, శ్రమ తక్కువ. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని గమనించి ఆందోళన తెలిపింది కూడా సరిగ్గా ఆ కారణానికే: గుడ్లు పెట్టకముందే తల్లి పోతుంది. పెట్టిన గుడ్లు కాడలకే అంటుకుని ఉంటాయి. వెచ్చటి నీళ్లలో అవి పొదగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోగా కాడలు తెగి ఒడ్డుకు కొట్టుకొచ్చినా, ట్రాలర్ వలకు చిక్కి పైకొచ్చినా, ఆ మోపు మీది పిల్లలు గుడ్డులోనే ఎండిపోతాయి.